ఆఖరి వంద మీటర్లు

నిన్న రాత్రి టీవీలో దంగల్ వేశారంట, కుస్తీ పట్టే అక్కచెల్లెళ్ల సినిమా. ఈరోజు అసెంబ్లీ అయిన దగ్గర్నుంచీ స్కూల్లో ఆడపిల్లలందరి నోటా అదే మాట. నాకు సంతోషమే. మా కావలి చుట్టుపక్కల పల్లెల్లో ఆడపిల్లని గ్రౌండ్‌కి పంపమని ఇంట్లోవాళ్లని ఒప్పించడానికి నేను ఎంతో చెప్పాలి, ఎన్నిసార్లో చెప్పాలి, ఆ సినిమా ఒక్క రాత్రిలో ఆ పని చేసిపెడుతుంది. ఆ మేలు నేనెప్పుడూ కాదనను. కానీ సాయంత్రం ప్రాక్టీసులో జరిగింది చూశాక ఎప్పట్నుంచో మనసులో ఉన్నది రాసేద్దామనిపించింది.

మండల స్థాయి పోటీలు దగ్గరపడుతున్నాయి. తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి నాలుగొందల మీటర్లు పరిగెత్తుతుంది. మేం సున్నంతో గీసుకున్న ట్రాక్ రెండొందలదే, అంటే రెండు రౌండ్లు. మొదటి రౌండంతా అందరికంటే వెనక నింపాదిగా వచ్చింది, కాలేమైనా పట్టేసిందేమోనని నేను కంగారుపడ్డా. రెండో రౌండు సగానికి వచ్చాక ఉన్నట్టుండి పిడికిళ్లు బిగించి, పళ్లు కొరుకుతూ పరుగందుకుంది. భుజాలు చెవుల దాకా లేచిపోయాయి, అడుగు కురచైపోయింది, ముందున్న వాళ్లలో ఒక్కరినీ అందుకోలేదు. "ఏందమ్మా అట్టా పరిగెత్తావు?" అంటే, ఆయాసపడుతూనే, "లాస్ట్‌లో గదా మేడమ్ గెలవాల్సింది" అంది.

ఇది సినిమాలు నేర్పిన మాట. నిజానికి నాలుగొందల్లో ఆఖరి వంద మీటర్లలో ఎవరూ వేగం పెంచరు, పెంచలేరు. ఒలింపిక్స్‌లో అయినా అంతే. చివర్లో పక్కవాళ్లని దాటేస్తున్నట్టు కనబడే మనిషి కూడా నెమ్మదిస్తూనే ఉంటుంది, కాకపోతే మిగతావాళ్లంత నెమ్మదించదు. రేసు గెలిచేది అక్కడే. అందుకోసమే నెలల తరబడి అవే రెండొందలు, అవే మూడొందలు, వాచీ పట్టుకుని పరిగెత్తిస్తాం. సినిమాలో అవన్నీ ఒక పాటలో అయిపోతాయి.

మిల్ఖా సింగ్ గారి సంగతే చూడండి. 1960 రోమ్ ఒలింపిక్స్ నాలుగొందల మీటర్ల ఫైనల్లో మొదట్లో మరీ వేగంగా పోతున్నాననిపించి రెండొందల యాభై మీటర్ల దగ్గర కాస్త తగ్గించాననీ, అదే కొంప ముంచిందనీ ఆయనే చెప్పుకున్నారు. నాలుగో స్థానం. ఆ రోజు 45.73 సెకన్లలో ఆయన పరిగెత్తిన పరుగు 1998 దాకా మన దేశంలో రికార్డుగా నిలబడింది. 2013లో ఆయన మీద వచ్చిన భాగ్ మిల్ఖా భాగ్ సినిమాలో మాత్రం ఆయన వెనక్కి తిరిగి చూస్తే చిన్నప్పటి నెత్తుటి జ్ఞాపకాలు కనబడతాయి, అక్కడే పతకం పోతుంది. దేశ విభజనలో ఆయన అయినవాళ్లని పోగొట్టుకున్నది నిజం, అది ఎవరికైనా కడుపు తరుక్కుపోయే విషయమే. కానీ ఒక రన్నర్ పరిగెడుతూ పరిగెడుతూ తన పేస్ గురించి తీసుకున్న నిర్ణయం, అది తప్పడం, దాన్ని ఆయన జీవితాంతం తలుచుకోవడం, ఇందులో కథ లేదా? మా పిల్లలకి పనికొచ్చేది అదే గదా.

ఇక దంగల్. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో గీతా ఫోగట్ కుస్తీలో 55 కిలోల ఫైనల్ ఆస్ట్రేలియా అమ్మాయి మీద ఆడింది. మొదటి రౌండు 1-0, రెండో రౌండు 7-0. అంతే, మూడో రౌండు దాకా పోనేలేదు. సినిమాలో అది చివరి క్షణాల దాకా సాగి, ఒకే ఒక్క పెద్ద పట్టుతో గట్టెక్కిన మ్యాచ్ అయిపోయింది. నాకు బాధ కలిగించేది ఇదే. అంత ఏకపక్షంగా గెలవడం వెనక ఎంత పని ఉంటుందో ఆట ఆడినవాళ్లకి తెలుసు. ఆ పనిని పక్కన పెట్టేసి, ఓడిపోబోయి గెలిచినట్టు చూపిస్తేనే గొప్ప అనుకున్నారు. సినిమాలో ఫైనల్ వేళ గీత తండ్రిని గదిలో పెట్టి తాళం వేస్తారు, అది కూడా నిజంగా జరగలేదు. అప్పటి మన అమ్మాయిల కుస్తీ టీమ్‌కి నిజంగా కోచ్‌గా ఉన్న పి.ఆర్. సోంధి గారు సినిమాలో కోచ్‌ని అట్టా చూపించినందుకు నొచ్చుకున్నారు. నొచ్చుకోరా మరి? మట్టిలో మనతో పాటు నిలబడిన మనిషిని కథకి విలన్ కావాలని విలన్‌ని చేస్తే ఆ మచ్చ ఎవరు తుడుస్తారు?

నేను కబడ్డీ ఆడే రోజుల్లో కూతకి వెళ్లి తిరిగేటప్పుడు మోకాలు మెలిపడింది. సినిమాలో అయితే క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని మళ్లీ దిగి పాయింట్లు తేవాలి. లిగమెంట్ తెగిన కాలు అట్టా వినదు, నిటారుగా నడుస్తున్నంతసేపు బాగానే ఉంటుంది, పక్కకి తిరగ్గానే మోకాలి లోపల ఏదో జారినట్టయి మనిషి కూలబడిపోతుంది. దాన్ని పట్టుదలతో నిలబెట్టలేం.

పట్టుదల అనే మాట వింటేనే నాకు ఇప్పుడు భయం. "మా పాపకి పట్టుదల లేదు మేడమ్" అంటారు నాన్నలు. ఆ పాప పొద్దున ఏమీ తినకుండా వస్తుంది, రక్తం తక్కువ, ఐరన్ మాత్ర ఇస్తే కడుపులో తిప్పుతుందని వేసుకోదు, బూట్లు అక్కవి, ఒక సైజు పెద్దవి. ఓడిపోయి వచ్చి ఏడుస్తూ తననే తిట్టుకుంటుంది. ఈరోజు ఆ అమ్మాయి వాళ్లమ్మకి ఫోన్ చేసి సోమవారం పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేయించమన్నా, సరేనంది.

బస్టాప్‌లో మా తెలుగు మాస్టారితో ఇదంతా అంటే ఆయన, "కల్పన లేకపోతే ఎవరు చూస్తారమ్మా?" అన్నారు. కల్పన వద్దని నేననలేదు. 1991లో అశ్వినీ నాచప్ప గారు తన పాత్ర తనే వేసిన తెలుగు సినిమా వచ్చింది, అందులోనూ కల్పన ఉంది, పరుగు మాత్రం నిజమైన రన్నర్ పరుగు. జనం చూశారు గదా. "అయితే నువ్వే రాయమ్మా ఒక కథ" అని ఆయన తన బస్సెక్కేశారు.

రాస్తే బరువులెత్తే కరణం మల్లీశ్వరి గారి గురించి రాస్తా. సిడ్నీ, 2000. స్నాచ్‌లో, అంటే ఒక్క ఊపులో తలపైకి ఎత్తడంలో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా తెచ్చి తర్వాత పైకి ఎత్తడంలో 130, మొత్తం 240 కిలోలు. స్వర్ణం 242.5 దగ్గర ఉంది. ఆఖరి ప్రయత్నానికి ఆవిడ 137.5 వేయించుకున్నారు, అది నిలవలేదు, కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం మనిషి, ఆ పతకం ఒక ఫెయిలైన లిఫ్ట్‌తో ముగిసింది. నా కథలో ఆ లిఫ్ట్ ఫెయిలైనట్టే ఉంటుంది.