శిశు వికాసం: వయసుల పట్టిక నుంచి అంగన్‌వాడీ గదికి

టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) పేపర్-1కు సిద్ధమవుతున్న మిత్రులకు నమస్కారం. మొదటి ప్రయత్నంలో శిశు వికాసం, పెడగాజీ విభాగంలో 30 మార్కులకు నాకు 14 వచ్చాయి. రెండవ ప్రయత్నంలో 25 వచ్చాయి. ఈ రెండు ప్రయత్నాల మధ్య నేను కొత్త పుస్తకం కొనలేదు, కోచింగ్‌కూ వెళ్లలేదు. పూర్వ బాల్యదశను, అంటే 2 నుంచి 6 ఏళ్ల పిల్లల శారీరక, సంజ్ఞానాత్మక (ఆలోచన, అవగాహనలకు సంబంధించిన), సాంఘిక వికాసాన్ని చదివే పద్ధతిని మార్చుకున్నాను. ఆ పద్ధతి మీలో కొందరికైనా పనికివస్తుందని రాస్తున్నాను.

మొదటిసారి నేను మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు చెప్పిన దశలను, పియాజే పూర్వ ప్రచాలక దశ (తార్కిక ఆలోచన ఇంకా రాని దశ) 2–7 ఏళ్లు, ఎరిక్‌సన్ చొరవ–అపరాధ భావన దశ 3–6 ఏళ్లు అని పట్టిక వేసి గోడకు అంటించుకొని బట్టీ పట్టాను. పరీక్షలో వయసులు సూటిగా అడిగిన ప్రశ్నలు చాలా తక్కువ. కుర్చీ తగిలి ఏడ్చిన పాప ఆ కుర్చీని కొట్టింది, ఇది ఏ లక్షణం అన్నట్టుగా సన్నివేశం ఇచ్చి అడిగినచోటల్లా తడబడ్డాను. సర్వాత్మవాదం అంటే ప్రాణం లేనివాటికి ప్రాణాన్ని ఆపాదించడం అన్న నిర్వచనం నాకు కంఠస్థమే. కానీ మనవడు కింద పడితే నాయనమ్మ నేలను రెండు దెబ్బలు వేసి, "కొట్టేశాలే, ఊరుకో" అనగానే వాడు ఊరుకోవడం చిన్నప్పటినుంచీ చూస్తున్నా, ఈ రెండూ ఒకటేనన్న సంగతి నాకు తట్టలేదు.

మా అమ్మ అంగన్‌వాడీ టీచరు. ఫలితాలు వచ్చాక నెలరోజుల పాటు ప్రతి ఉదయం ఆమెతోపాటు కేంద్రానికి వెళ్లి, ఒక నోటుపుస్తకంలో ఎడమ పేజీలో చూసినదీ, కుడి పేజీలో దానికి డి.ఎడ్. పాఠ్యపుస్తకం వాడే పదమూ రాసుకున్నాను.

శారీరక వికాసం త్వరగా పట్టుబడింది. శిరఃపాదాభిముఖ (తల నుంచి పాదాల వైపు), సమీప–దూరస్థ (దేహ మధ్యం నుంచి అంచుల వైపు) వికాస నియమాల్లో రెండవది నాకు పలక మీద కనిపించింది. మూడేళ్ల బాబు బలపాన్ని పిడికిట పట్టి భుజం నుంచి చెయ్యంతా కదిలిస్తూ గీస్తాడు. ఐదేళ్ల పాప మణికట్టును ఆనించి వేళ్లతో గీస్తుంది. దేహ మధ్యభాగం నుంచి అంచులకు అదుపు వస్తుందన్న వాక్యానికి అర్థం అదే. సుమారుగా మూడేళ్లకు వృత్తాన్ని, నాలుగు దాటాక చతురస్రాన్ని, ఐదేళ్లకు త్రిభుజాన్ని చూసి గీయగలుగుతారన్న క్రమాన్ని కూడా అక్కడే సరిచూసుకున్నాను. వృత్తమే ఇంకా పూర్తిగా కలవని చేతితో మెలికలున్న 'అ' దిద్దించి, రాలేదని కోప్పడటం ఎంత అన్యాయమో ఈ అధ్యాయం చదివినవారికి తెలియాలి. రేపు ఆ తరగతి గదిలో ఉండేది మనమే.

ఎక్కువ సమయం పెట్టవలసినది సంజ్ఞానాత్మక వికాసానికి. ఒకరోజు నాలుగేళ్ల బాబు తన పళ్లెంలో ఒకే గుడ్డు ఉందనీ, పక్కవాడికి రెండున్నాయనీ ఏడ్చాడు. పక్కవాడిదీ ఒక గుడ్డే. ఆయమ్మ దాన్ని రెండు ముక్కలు చేసి పెట్టింది. పరిమాణం మారలేదన్న పదిలపరచుకొనే భావన లేకపోవడం, ముక్కల సంఖ్య అనే ఒక్క అంశం మీదే దృష్టి నిలపడం, ముక్కలను తిరిగి కలిపితే ఒకే గుడ్డవుతుందని వెనక్కి ఆలోచించలేకపోవడం, ఈ మూడూ ఆ ఒక్క పళ్లెంలోనే ఉన్నాయి. పుస్తకం వీటిని మూడు అంశాలుగా విడదీసి చెబుతుంది కాబట్టి మనం విడివిడిగా గుర్తుపెట్టుకుంటాం. ప్రశ్నలోని సన్నివేశం మాత్రం వాటిని కలిపి ఇస్తుంది. అప్పుడు ఐచ్ఛికాల్లో ఏ పదానికి ఆధారం సన్నివేశంలో స్పష్టంగా ఉందో వెతకాలి.

పియాజే, మరో మనోవిజ్ఞాన శాస్త్రవేత్త వైగాట్‌స్కీ ఇద్దరూ 1896లోనే పుట్టారు. ఒకే పిల్లవాడిని ఇద్దరూ రెండు రకాలుగా చూశారన్నది గుర్తుంచుకుంటే సగం గందరగోళం పోతుంది. చెక్క దిమ్మలు పేర్చుతూ "ఇది కింద, పెద్దది కింద" అని తనలో తాను మాట్లాడుకునే పాపను చూసి, ఇతరుల దృక్కోణం ఇంకా తెలియని అహంకేంద్రిత భాషణమని పియాజే అంటాడు. తన పనిని తానే నడుపుకునే సాధనమనీ, అదే క్రమంగా లోపలి మాటగా మారుతుందనీ వైగాట్‌స్కీ అంటాడు. ఆ పాపను గంటసేపు చూశాక నాకు వైగాట్‌స్కీ మాటే సరిగా తోచింది, ఎందుకంటే దిమ్మలు కూలినప్పుడల్లా ఆమె మాటలు పెరిగాయి. మీ అభిప్రాయం ఏదైనా, జవాబు మాత్రం ప్రశ్నలో ఎవరి పేరుందో చూసి గుర్తించండి.

సాంఘిక వికాసంలో నన్ను ఇబ్బంది పెట్టినవి ఎరిక్‌సన్ రెండు, మూడు దశలు. అన్నం ఒంటి మీద పోసుకుంటూనైనా "నేనే తింటా" అనే రెండేళ్ల పిల్ల స్వయంప్రతిపత్తి దశలో ఉంది. "నేను టీచర్ని, మీరంతా కూర్చోండి" అని తానే ఆట మొదలుపెట్టే నాలుగేళ్ల పిల్ల చొరవ దశలో ఉంది. ఈ ఇద్దరినీ పక్కపక్కన ఊహించుకున్నాక మళ్లీ తప్పు చేయలేదు. ఆటల రకాలకు పరిశోధకురాలు మిల్‌డ్రెడ్ పార్టెన్ 1932లో ఇచ్చిన వర్గీకరణ చూడండి. ఒకే ఇసుకలో పక్కపక్కన కూర్చొని ఎవరి గూడు వారు కట్టుకుంటే సమాంతర క్రీడ, అందరూ పనులు పంచుకొని ఒకే గూడు కడితే సహకార క్రీడ.

అంగన్‌వాడీకి వెళ్లే వీలు లేనివారు ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను వారానికి రెండు పూటలు గమనించినా చాలు. ముందు ఎడమ పేజీ నింపండి, పుస్తకం ఆ తర్వాతే తెరవండి. దశల వయోపరిమితులు పుస్తకానికొక రకంగా ఉంటాయి కాబట్టి డి.ఎడ్. పాఠ్యపుస్తకంలోని అంకెలనే పట్టుకోండి. టెట్‌లో తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కనుక సన్నివేశ ప్రశ్న దేన్నీ వదిలేయకండి. నా నోటుపుస్తకంలో ఉద్వేగ వికాసానికి కేటాయించిన కుడి పేజీలు ఇంకా చాలావరకు ఖాళీగానే ఉన్నాయి; డీఎస్సీకి చదువుతూ ఇప్పుడు వాటిని నింపుతున్నాను.