మారుతి 800 లాగ్: 14.3 వోల్టులు పుడుతున్నాయి, బ్యాటరీ దాకా రావడం లేదు

జూలై మొదటి వారం

కార్బురేటర్ పని అయిపోయింది, ఇక ఈ కారుతో గొడవ లేదనుకునే లోపు వానాకాలం వచ్చింది. ఎండాకాలమంతా చక్కగా తిరిగిన బండి, ఇప్పుడు సాయంత్రం లైట్లేసుకుని ఇంటికి వస్తే పొద్దున సెల్ఫ్ తీసుకోవడం లేదు. టక్కుమని ఊరుకుంటోంది. పగటిపూట మాత్రమే తిప్పిన రోజుల్లో ఈ బాధ లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, అసలు ఆచూకీ అందులోనే ఉంది.

పర్లాకిమిడిలో సలహాలకు కరువు లేదు. బ్యాటరీ షాపాయన బ్యాటరీ పోయిందన్నాడు. షెడ్డులో డైనమో (ఇంజన్ తిరుగుతుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్) పోయిందన్నారు. ఎవరి సరుకు వాళ్లు అమ్ముకోవాలి కదా, తప్పు పట్టను. నేను మాత్రం మల్టీమీటరు చెప్పేదాకా ఏదీ కొనకూడదని కూర్చున్నాను.

ముందు బ్యాటరీ. 35 ఏహెచ్‌ది (ఆంపియర్-అవర్లు, అంటే కరెంటు పట్టే లెక్క), మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసే రకం. రాత్రంతా చార్జర్ మీద పెట్టి, తీసేసి, పూటంతా ఊరికే వదిలేసి అప్పుడు కొలిచాను. చార్జర్ తీసిన వెంటనే కొలిస్తే 13 పైన చూపిస్తుంది, అది నమ్మే లెక్క కాదు. కాసేపు వదిలేశాక 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే దాదాపు సగం, 12 కిందికి వచ్చిందంటే అడుగంటినట్టే. నాకు 12.64 వచ్చింది. హైడ్రోమీటరు పెడితే ఆరు సెల్లుల్లోనూ గ్రావిటీ (ఆసిడ్ చిక్కదనం) 1240, 1250 మధ్యనే ఉంది. ఒక్క సెల్లు 1150కి పడిపోయి మిగతావి బాగుంటే ఆ బ్యాటరీకి దండం పెట్టేయొచ్చు. ఇక్కడ ఆ లక్షణం లేదు. మా అబ్బాయి తాళం తిప్పుతుంటే వోల్టేజి 10.4 దాకా దిగి, ఇంజన్ వెంటనే అందుకుంది. 9.6 కంటే కిందికి పోతే అనుమానించాలి. బ్యాటరీని కేసు నుంచి తప్పించాను.

తరువాతి ఆదివారం

మా వీధి చివర ఆటో ఎలక్ట్రికల్ పని చేసే పెద్దాయన ఉన్నారు. ఒడియా ఆయనే గానీ తెలుగు మనకంటే బాగా మాట్లాడతారు. వీధంతా భాయినా (ఒడియాలో అన్న) అనే పిలుస్తుంది. షాపుకి సెలవని మా ఇంటి ముందుకే వచ్చారు.

ఫ్యాన్ బెల్టు చూశాం. బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు లోపే దిగుతోంది, అద్దంలా మెరిసిపోలేదు, పగుళ్లు లేవు. ఈ ఇంజన్‌లో వాటర్ పంపుని తిప్పేదీ ఆ బెల్టే కాబట్టి అది జారితే టెంపరేచర్ ముల్లు కూడా లేస్తుంది. అదీ లేదు. తాళం ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ గుర్తు వెలుగుతోంది, ఇంజన్ అందుకోగానే ఆరిపోతోంది. తాళం వేసినప్పుడు ఆ బల్బు వెలగకపోతే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. డైనమోని మొదట లేపే కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. బల్బు మాడితే డైనమో సరిగా లేవకపోవచ్చు.

లైట్లూ గట్రా ఏమీ వేయకుండా, ఐడిలింగ్‌లో బ్యాటరీ మీద 13.9. చాలామంది ఇక్కడే ఆగి, 14 దగ్గర ఉంది కదా, అంతా బాగానే ఉందని మీటరు కట్టేస్తారు. కానీ ఈ బండి జబ్బు పడేది లైట్లేసినప్పుడు. ఆర్.ఉదయగిరి ఘాట్‌లో శ్రావణమాసం పొగమంచుకి పట్టపగలే లైట్లు, వైపర్లు, అద్దానికి ఆవిరి పట్టకుండా బ్లోయరు, అన్నీ ఒకేసారి వేయాలి. కాబట్టి పరీక్షా అలాగే ఉండాలి. హెడ్‌లైట్ హై బీమ్, బ్లోయర్ ఫుల్, అద్దం మీద చెంబుడు నీళ్లు కొట్టి వైపర్లు. యాక్సిలరేటర్ కాస్త తొక్కి పట్టమన్నాను.

బ్యాటరీ మీద 12.8.

"చెప్పాను కదా మాస్టారూ, డైనమోయే" అన్నారు భాయినా.

ఎర్ర ప్రోబ్ తీసి డైనమో వెనకున్న బి స్టడ్ (కరెంటు బయటికి వచ్చే బోల్టు) మీద, నల్లది దాని ఒంటికి పెట్టాను. 14.3. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఇలా తెండి" అని ప్రోబులు లాక్కుని, స్టడ్ మీది మట్టి గోకి మళ్లీ పెట్టారు. మళ్లీ 14.3.

అంటే డైనమో పుట్టించాల్సింది పుట్టిస్తోంది. లోపల వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్ తన గుమ్మం దగ్గరే వోల్టేజి చూసుకుని, అంతా బాగుందనుకుంటోంది. వోల్టున్నర దారిలో పోతోంది. దారులు రెండే: బి స్టడ్ నుంచి బ్యాటరీ ప్లస్‌కి వచ్చే వైరు, డైనమో ఒంటి నుంచి బ్యాటరీ మైనస్‌కి వచ్చే ఎర్త్.

ఎర్త్ అనుకుంటారు అందరూ, వానాకాలం తుప్పు కదా. కానీ చార్జ్ ఉన్నప్పుడు సెల్ఫ్ గట్టిగా తిప్పుతోంది. సెల్ఫ్ మోటారు లాగేది వంద ఆంపియర్ల లెక్కలో, అదంతా ఇంజన్ నుంచి బ్యాటరీకి అదే ఎర్త్ గుండా తిరిగి రావాలి. దాన్ని మోసిన దారికి చార్జింగ్ కరెంటు ఒక లెక్కా? మీటరూ అదే చెప్పింది. అన్ని లోడ్లూ వేసి ఉండగా డైనమో ఒంటికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.1. బి స్టడ్‌కీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య 1.4. ఈ దారిలో 0.2 కంటే ఎక్కువ పోకూడదు. ఈ కొలతకి బ్యాటరీ తీయక్కర్లేదు, వైరు కోయక్కర్లేదు. మీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒకే వైరుకి రెండు చివర్లా ప్రోబులు పెట్టడమే. కరెంటు పారుతుండగా కొలవాలి, అంతే. ఇంజన్ ఆపి ఓమ్స్‌లో కొలిస్తే ఆ వైరు నిక్షేపంగా ఉన్నట్టే చూపిస్తుంది.

వైరు పట్టుకుని వెనక్కి వస్తే, బ్యాటరీ పక్కన ఫ్యూజబుల్ లింక్ (ఫ్యూజులా కరిగి వైరుని కాపాడేది) కనెక్టర్ వేడికి వేలు పెట్టనివ్వలేదు. తెల్ల ప్లాస్టిక్ ఒక మూల బెల్లం రంగుకి తిరిగింది. విప్పితే లోపలి క్లిప్పు నీలం, నలుపు కలిసిన రంగులో, నొక్కితే తిరిగి లేవకుండా చప్పబడి ఉంది. లెక్క వేయండి: లైట్లకి పది, బ్లోయరు, వైపర్లు, ఇగ్నిషన్ కలిపి మొత్తం సుమారు 25 ఆంపియర్లు. దాన్ని 1.4 వోల్టులతో గుణిస్తే 35 వాట్లు. సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్లు 25 వాట్లవే ఉంటాయి.

రిపేరు

పాతపట్నం వెళ్లి 8 చదరపు మిల్లీమీటర్ల ఆటో కేబుల్, వైరు చివర్లకి బిగించే రాగి థింబుళ్లు, మూతున్న ఫ్యూజు హోల్డరు తెచ్చాను. వైరుని తిన్నగా బ్యాటరీకి కలిపేద్దామన్నారు భాయినా. ఆ ఒక్కటీ ఒప్పుకోలేదు. మధ్యలో ఫ్యూజు లేకుండా ఆ వైరు ఎక్కడైనా బాడీకి రాసుకుంటే బ్యాటరీ కరెంటంతా అక్కడే మండుతుంది. థింబుళ్లు సోల్డరింగ్ లేకుండా క్రింపింగ్ టూల్‌తో నొక్కించాను. సోల్డర్ ఎక్కిన తీగ బిరుసెక్కి, ఇంజన్ అదురుకి ఆ అంచు దగ్గరే తెగుతుంది.

అదే పరీక్ష, అవే లోడ్లు: బి స్టడ్ మీద 14.3, బ్యాటరీ మీద 14.05. గుణుపురం లైను గేటు దగ్గర రైలు కోసం లైట్లేసుకుని ఆగినా ఇప్పుడు హెడ్‌లైటు చిక్కబడి పలచబడటం లేదు.

ఆగస్టు

ఇంతటితో అయిపోలేదు. ఊరెళ్లి వారం తరువాత వస్తే బ్యాటరీ మళ్లీ 12 కింద. ఇది వేరే దొంగ. ఇంజన్ ఆపి, మైనస్ టెర్మినల్ విప్పి, మధ్యలో మీటరుని 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టాను. ఇలా పెట్టి ఉన్నప్పుడు ఎవరూ తాళం ముట్టకూడదు, సెల్ఫ్ కొడితే మీటరు మసే. 0.18 ఆంపియర్లు చూపించింది. రేడియో మెమరీకి 0.02 చాలు. 0.18 అంటే రోజుకి నాలుగు ఏహెచ్ పైన, వారానికి 30. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాను, అంకె కదల్లేదు. చివరికి డైనమో బి వైరు తీస్తే 0.01కి పడింది.

డయోడు లీకు. డైనమోలో పుట్టే ఏసీని డీసీగా మార్చి, కరెంటుని ఒకవైపే పోనిచ్చేవి డయోడ్లు; ఒకటి లీకైతే బ్యాటరీ కరెంటు వెనక్కి జారిపోతుంది. ఇంజన్ నడుస్తుండగా ఏసీ వోల్టుల్లో కొలిస్తే 0.4 వచ్చింది, మంచి డైనమోకి ఇది 0.1 దాటదు. ఒక మాట: చవక మీటర్లు డీసీని కూడా ఏసీగా చదివేస్తాయి. ముందు ఇంజన్ ఆపి, ప్రోబులు అటూ ఇటూ మార్చి బ్యాటరీకి పెట్టి చూడండి. రెండుసార్లూ సున్నా దగ్గర లేకపోతే ఆ మీటరు ఈ పనికి కొరగాదు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, ఆగకపోతే డైనమో బాగున్నట్టు తేల్చే అలవాటు ఇంకా ఉంది షెడ్లలో. ఆ క్షణంలో వోల్టేజి ఎగదన్ని డయోడ్లే పోవచ్చు. నాకంటే ముందు ఈ కారు అలాంటి చేతుల్లో పడిందేమోనని నా అనుమానం.

డయోడు ప్లేటు ఒక్కటీ విడిగా బరంపురంలో దొరుకుతుందంటున్నారు భాయినా. విప్పినప్పుడు కార్బన్లు, బేరింగులు కూడా చూసి రాస్తాను. అప్పటిదాకా రాత్రిళ్లు 10 నంబరు స్పానర్‌తో మైనస్ విప్పేస్తున్నాను. ప్లస్ కాదు, స్పానర్ బాడీకి తగిలితే నిప్పులే. రేడియోలో స్టేషన్లు రోజూ పోతున్నాయి, ఫరవాలేదు.