‘గదబ’ అని రాసి వదిలేస్తే

కొరాపుట్ జిల్లాలో సర్వేలకు తిరిగేవాళ్ళలో చాలామంది భాష అన్న గడిలో ‘గదబ’ అని రాసేసి పక్క ఇంటికి వెళ్ళిపోతారు. ఆ మాట తెగ పేరుగా సరిపోతుంది గానీ భాష పేరుగా సరిపోదు. లమతాపుట్, నందపూర్ వైపు బొడో గదబలది గుతోబ్. అది ముండా భాష, మన సవరకు చుట్టం. పొట్టంగి వైపు సానో గదబల ఒల్లరి ద్రావిడ భాష, కొలామి, పర్జీల జట్టు. ఒకటి వస్తే రెండోది దానంతటది అర్థం కాదు. సంతలో అందరినీ కలిపేది దేశియా, అంటే అక్కడి ఒడియా యాస.

ఒడిశా షెడ్యూల్డ్ తెగల జాబితాలో బొడో, గుతోబ్, కాపు, ఒల్లర, పరెంగ, సానో అన్నీ గదబ కిందే ఉన్నాయి. పరెంగల సొంత భాష గోరుం, అది మరో ముండా భాష. కుల ధ్రువపత్రానికి ఈ జాబితా చాలు. జనాభా లెక్కల్లోనే చిక్కు: అక్కడ గదబను ముండా భాషలున్న ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబంలో చూపించారు. ‘మాది గదబ’ అన్న ఒల్లరి ఇంటావిడ కూడా ఆ ఖాతాలోకే పోతుంది.

పుస్తకాలదీ అదే గొడవ. ద్రావిడ భాషల పుస్తకంలో గదబ అంటే ఒల్లరి, ఆంధ్ర వైపున్న దాని చుట్టం కొండెకోర్. ముండా భాషల పాత పుస్తకంలో గదబ అంటే గుతోబ్. రెండు చోట్ల నుంచీ మాటలు తెచ్చి ఒకే పట్టికలో పోస్తే ఆ పట్టిక ఎందుకూ పనికిరాదు.

‘మీ భాష ఏది?’ అని అడగొద్దు. ‘గదబ’ అంటారు, లేదా కొత్తవాళ్ళు కదా అని ‘దేశియా’ అంటారు. నీళ్ళను ఇంట్లో ఏమంటారో అడగండి. ‘పానీ’ అంటే అది దేశియా మాట, మళ్ళీ అడగాలి. ‘నీర్’ అంటే ఒల్లరి. ‘డా’ అని చివర గొంతు టక్కున మూసుకుంటే గుతోబ్. ఒక్క మాటతో తేల్చేయకుండా కన్ను, చెయ్యి, చెట్టు, నిప్పు కూడా అడగండి. అంకెలు, సంత సరుకుల పేర్లు వద్దు. వాటిలో ఒడియా బాగా కలిసిపోయింది. ఆశ్రమ పాఠశాల కుర్రాడు చకచకా జవాబిస్తాడు గానీ, ఇంట్లో ముసలమ్మ దగ్గర కూర్చుంటేనే పని అవుతుంది.

ఆ గొంతు మూతను తెలుగులో విసర్గతో రాస్తారు. అలా రాస్తే చదివేవాళ్ళు ‘డాహ’ అంటారు. డా' అని పైన చిన్న గీత పెట్టడం మేలు. ఆ గీత ఏమిటో మొదటి పేజీలోనే చెప్పాలి.

కంప్యూటర్లో ‘బొడో’ అని వెతికితే అస్సాం బోడో వస్తుంది. అది టిబెటో బర్మన్ భాష, 2003 సవరణతో ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. ఇక్కడి బొడో ఒడియాలో ‘పెద్ద’ అనే మాట, అంతకుమించి సంబంధం లేదు. అందుకే ఫైలు పేరులో ఆ భాషకున్న మూడక్షరాల అంతర్జాతీయ కోడ్ పెట్టుకోండి: గుతోబ్‌కు జీబీజే, పొట్టంగి ఒల్లరికి జీడీబీ, ఆంధ్ర వైపు ముదిలి గదబకు, అంటే కొండెకోర్‌కు, జీఏయూ.

గుతోబ్ మాటలు సరిచూసుకోవాలంటే ఒల్లరి పట్టిక పక్కన పెట్టేసి మల్కన్‌గిరి కొండల మీది బొండా వాళ్ళ రెమో పట్టిక తీయండి. పేరు వేరైనా గుతోబ్‌కు అన్నిటికన్నా దగ్గరి భాష అదే.