పుదీనాను ముంచేయకండి

మా అమలాపురం వైపు పుదీనా నీళ్లు లేక చావదు, ఎక్కువై చస్తుంది. మాది ఒండ్రు నేల. తడిసిందంటే జిగటపడి వేళ్లకు గాలి ఆడనివ్వదు. వరికి ఫరవాలేదు గాని, పుదీనాకు వేరు కుళ్లిపోతుంది.

అందుకే నేను కుండీలోనే వేస్తాను. నేలలో వేస్తే ఇంకో బెడద, కరివేపాకు మొదలు దాకా పాకిపోతుంది.

మొక్క కోసం కడియం నర్సరీలకు పోనక్కర్లేదు. గులాబీల కోసమైతే వెళ్లండి. పుదీనాకు బజారు కట్ట చాలు. ఆకు పచ్చడికి తీసుకుని కాడలు ఉంచుకోవాలి. మరీ లేతది కుళ్లుతుంది, చెక్కబారినది తొందరగా వేరు పట్టదు. వేళ్ల మధ్య దొర్లిస్తే నాలుగు పలకలూ గట్టిగా తగిలే కాడ మంచిది. కణుపుకు కాస్త కిందుగా కోసి, పైన రెండు జతల ఆకులు ఉంచి మిగతావి గిల్లేసి, గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. ఆకు నీళ్లలో మునగకూడదు. రోజు మార్చి రోజు నీళ్లు మార్చాలి. ముందు కణుపు దగ్గర తెల్లటి బొడిపెలు లేస్తాయి, వారం పది రోజులకు అవే దారపు పోగుల్లా సాగుతాయి. రెండంగుళాలు రాగానే మట్టిలో పెట్టేయాలి.

కుండీకి లోతు కన్నా వెడల్పు ముఖ్యం, అడుగున చిల్లులు తప్పనిసరి. మట్టిలో ఇసుక, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలుపుతాను. పీచు మిల్లు నుంచి తెచ్చిన పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడు సార్లు కడిగి పిండాలి. కోనసీమలో పొట్టుకు కరవు లేదు, కడిగే ఓపికకే కరవు.

"రోజుకు ఎన్నిసార్లు పోయాలండీ, వదినగారూ?" అని పక్కింటావిడ అడుగుతూనే ఉంటారు.

"లెక్కెందుకండీ, మట్టిలో వేలు పెట్టి చూడండి. పైన ఆరితేనే పోయండి" అంటాను. ఆవిడకు లెక్కే కావాలి.

అసలు కష్టం వేసవిలో. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలకు నీళ్లు ఆపేశాక మాకు దిక్కు బోరు, అందులో ఉప్పు. ఆ నీళ్లకు ఆకు అంచులు మాడతాయి. అప్పుడు మంచినీళ్లతో బియ్యం కడిగి, ఆ కడుగే పోస్తాను. ఉదయపు ఎండ చాలు, మధ్యాహ్నం నీడకు జరపాలి.

కోయడానికి జాలిపడకండి. కణుపు పైన కత్తిరిస్తే రెండు పక్కలా చిగురు వేస్తుంది, వదిలేస్తే పూతకొచ్చి ఆకు చిన్నబోతుంది. వానల్లో ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. మొదలంటా కోసి దూరంగా పారేయండి, ఎరువు గుంటలో వేయకండి. ఆ కుండీలోంచి మాత్రం ఎవరు అడిగినా కొమ్మ ఇవ్వకండి, మొహమాటపడినా సరే.