స్టూలు చట్టం

చెన్నై టీ నగర్ చీరల షాపుల్లో తెలుగు వచ్చిన అమ్మాయిలకు ఎప్పుడూ గిరాకీయే. నెల్లూరు, తిరుపతి వైపు జనం పెళ్ళిబట్టలకు ఇక్కడికే వస్తారు. నేనూ కావలి నుంచి అలాగే వచ్చి పట్టు సెక్షన్‌లో చేరాను. చీరలు విప్పి మళ్ళీ మడతపెట్టడం పెద్ద కష్టం కాదు. పొద్దుట్నుంచి రాత్రి దాకా నిలబడి ఉండటమే కష్టం. కస్టమర్ లేకపోయినా కూర్చోకూడదు, గోడకు ఆనుకున్నా సూపర్‌వైజర్ కేకలేసేవాడు.

2021 సెప్టెంబరులో తమిళనాడు అసెంబ్లీ షాపుల చట్టాన్ని సవరించింది. పనిచేసే వాళ్ళందరికీ సీటు ఉండాలి, వీలు దొరికినప్పుడు కూర్చోనివ్వాలి. కేరళ ఈ పని 2018లోనే చేసింది. ఖజానాకు పెద్ద ఖర్చేమీ లేదు. దీని పేరు చెప్పి ఫ్లెక్సీ కట్టిన నాయకుడు మాత్రం నా కంటికి కనపడలేదు.

మా షాపుకీ స్టూళ్ళు వచ్చాయి. కొన్నాళ్ళకు స్టాక్ రూమ్‌లోకి పోయాయి. తనిఖీ ఉందని తెలిసిన రోజు బయటికి వచ్చేవి. బిల్లింగ్‌లో ఉండే తమిళ అక్క ఒకామె, "చట్టమే ఉన్నప్పుడు భయమెందుకు చెల్లీ, పద అడుగుదాం" అంది. తమిళ అమ్మాయిలు, మేము, ఒడిశా వాళ్ళు కలిసే మేనేజర్ దగ్గరికి వెళ్ళాం. స్టూళ్ళు మళ్ళీ ఫ్లోర్ మీదికొచ్చాయి. దీపావళి రద్దీలో ఇప్పటికీ మాయమవుతాయనుకోండి.

పేదల పక్షం అని చెప్పుకునే ప్రభుత్వాలు దెబ్బతినేది ఇక్కడేనని నాకనిపిస్తుంది. చట్టం చేస్తారు, అది షాపులో అమలవుతోందా అని చూసే ఇన్‌స్పెక్టర్లను పెట్టరు. కాళ్ళు పీక్కుపోయి కోపంగా ఉన్న మనిషి దగ్గరికి అప్పుడు ఇంకొకడొచ్చి, "అంతా ఈ బయటివాళ్ళ వల్లే" అంటాడు. ఆ మాటకు ఖర్చులేదు. 2024 జూలైలో కర్ణాటక కేబినెట్ ప్రైవేటు కంపెనీల్లో స్థానికులకు మేనేజ్‌మెంట్ పోస్టుల్లో 50 శాతం, మిగతా వాటిలో 70 శాతం అని బిల్లు ఆమోదించి, కంపెనీలు గోలచేయగానే పక్కన పెట్టింది. మనమేం తక్కువ తినలేదు. 2019లో ఆంధ్రలో 75 శాతం అని ఏకంగా చట్టమే చేశారు. మా బంధువులంతా సంబరపడ్డారు, నేను ఎక్కడ ఉద్యోగం చేస్తున్నానో మర్చిపోయి.

బయటివాళ్ళంటారు గానీ, మా షాపుకు దగ్గర్లోనే పానగల్ పార్కు. ఆ పానగల్ రాజా, టీ నగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి, ఇద్దరూ స్వాతంత్ర్యానికి ముందు మద్రాసులో అధికారంలో ఉన్న జస్టిస్ పార్టీ నాయకులు, తెలుగువాళ్ళు. త్యాగరాయ చెట్టి హయాంలోనే 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు తిండి పెట్టడం మొదలుపెట్టింది. తర్వాత కామరాజ్ దాన్ని రాష్ట్రంలోకి తీసుకెళ్ళారు, 1982లో ఎంజీఆర్ పెంచారు, 2022లో పొద్దుటి టిఫిన్ కూడా చేరింది. జయలలిత 2013లో పెట్టిన అమ్మ క్యాంటీన్లు 2021లో డీఎంకే వచ్చాక కూడా నడిచాయి. మన అన్న క్యాంటీన్లు 2019లో ప్రభుత్వం మారగానే మూతపడి, 2024లో మళ్ళీ మారాకే తెరుచుకున్నాయి.

ఇక బస్సు సంగతి. 2021 మే నుంచి ఇక్కడ తెల్లబోర్డు బస్సుల్లో, అంటే ఆర్డినరీ సిటీ బస్సుల్లో, ఆడవాళ్ళకు టికెట్ డబ్బు లేదు. నా యాస విన్నా కండక్టర్ ఆధార్ అడగడు. ఆ బస్సు కోసం ఎదురుచూస్తుంటే ముందు నుంచి టికెట్ కొనాల్సిన డీలక్సులు పోతూనే ఉంటాయి, అదొక విసుగు. 2022లో ఒక మంత్రి సభలో ఆడవాళ్ళతో మీరంతా ఓసీలోనే (ఇక్కడి మాటలో ఊరికే, ఫ్రీగా అని) తిరుగుతున్నారుగా అన్నట్టు మాట్లాడి తిట్లు తిన్నాడు. ఇచ్చినదాన్ని ఇలా దెప్పిపొడిస్తే ఇచ్చిన పేరూ మిగలదు.

బెంగళూరులో గార్మెంట్స్‌లో కుట్టే మా చెల్లికి ఆ విసుగు కూడా లేదు. 2023 జూన్‌లో వచ్చిన శక్తి పథకం కర్ణాటక అడ్రసు ఉన్నవాళ్ళకే. పక్క మిషన్ అమ్మాయికి ఫ్రీ, దీనికి టికెట్. 2025 ఆగస్టు నుంచి ఆంధ్రలోనూ ఫ్రీ కాబట్టి, ఆధార్ మార్చుకుంటే ఊళ్ళో టికెట్ కొనాలి, మార్చుకోకపోతే బెంగళూరులో కొనాలి అని లెక్కలేస్తోంది. రోజూ తిరిగేది బెంగళూరులోనేగా, మార్చుకో, ఓటు కూడా అక్కడికే తెచ్చుకో అంటున్నాను నేను. ఓటు కావలిలో ఉన్నన్నాళ్ళూ దాని టికెట్ డబ్బులతో బెంగళూరులో ఏ పార్టీకీ పనిలేదు.