ఫీజు కట్టే ముందు మెడికల్: హెలికాప్టర్ లైసెన్సు దాకా నా అనుభవం

మా అక్క కూతురు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. దసరాకి ఇంటికెళ్తే వంటింట్లో పట్టుకుని, "మావయ్యా, నీలా హెలికాప్టర్ నడపాలంటే ఏం చేయాలి?" అని అడిగింది. అక్క గరిటె పట్టుకుని నా వంక చూసిన చూపుకి సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా.

మాది రాజమండ్రి. సముద్రంలో ఓఎన్‌జీసీ రిగ్గులకి వెళ్ళే హెలికాప్టర్లని మేడ మీద నుంచి చూసేవాణ్ణి, పిచ్చి అలా పట్టింది. ఇంటర్ అవ్వగానే పైలట్ ట్రైనింగ్ ఇప్పిస్తామనే ఒక కన్సల్టెన్సీలో చేరిపోయాను. మెడికల్ సంగతి అడిగితే "అదంతా ఫార్మాలిటీ అండీ" అన్నారు, నమ్మాం.

పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ. దాని మెడికల్ ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1. కమర్షియల్ లైసెన్సుకి కావాల్సింది క్లాస్ 1. అందులో ఈసీజీ, కళ్ళు, చెవులు, రక్తం అన్నీ బాగానే వచ్చాయి. కడుపు స్కానింగ్ చేస్తున్న డాక్టరు మాత్రం ఎడమ పక్కే మళ్ళీ మళ్ళీ తిప్పుతూ, "నీళ్ళు సరిగా తాగవా?" అన్నారు. కిడ్నీలో రాయి. ఒక్కరోజు నొప్పి ఎరగను. కాగితం మీద టెంపరరీ అన్‌ఫిట్ అని రాసిచ్చారు. అప్పటికి నాన్న స్థలం తాకట్టు పెట్టి కన్సల్టెన్సీకి ఫీజు రెండు వాయిదాలు కట్టేశారు. రాయి పోయి ఫిట్ అనిపించుకునేసరికి ఏడు నెలలు. ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, తిట్టి ఉంటేనే నయం. కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. నాది కరిగిపోయే రాయి కాబట్టి సరిపోయింది, రంగులు సరిగా కనపడని వాళ్ళకైతే ఎన్ని నెలలు ఆగినా లాభం లేదు.

ఆ ఖాళీలో పరీక్షలు రాయడానికి కావాల్సిన డీజీసీఏ కంప్యూటర్ నంబర్ తీసుకుని నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ చదువుకుని పరీక్షలు రాశాను. పాసవ్వాలంటే 70 శాతం రావాలి. కష్టమే, కానీ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

తర్వాత అమెరికాలో ట్రైనింగ్, రాబిన్సన్ ఆర్22 అనే చిన్న హెలికాప్టర్ మీద. గంటకి 300 డాలర్ల పైనే. ఎడమ చేతిలో పైకీ కిందికీ తీసుకెళ్ళే కలెక్టివ్, కుడి చేతిలో ముందుకీ పక్కలకీ నడిపే సైక్లిక్, కాళ్ళ కింద ముక్కు తిప్పే పెడల్స్, ఒకటి కదిపితే మిగతా రెండూ సర్దుకోవాలి. మొదట్లో హోవర్, అంటే గాల్లో ఒకేచోట నిలబెట్టడం, చేయమంటే తాగినవాడిలా తూలేది. చెయ్యి తొడ మీద ఆనించి, సైక్లిక్‌ని పిడికిలితో కాకుండా వేళ్ళతో పట్టుకోవడం అలవాటయ్యాక కుదురుగా నిలబడింది. ఆటోరొటేషన్, అంటే ఇంజిన్ లేకుండా దిగడం, ఇంకో కథ. ఇంజిన్ పోయినట్టు థ్రాటిల్ తగ్గిస్తారు, వెంటనే కలెక్టివ్ కిందికి దించాలి. పైన తిరిగే రోటర్ వేగం 97 శాతం కంటే కిందికి పడితే హారన్ మోగుతుంది, ఆ మోత నాకు కల్లోకి కూడా వచ్చేది. దిగుతున్నంతసేపూ కింది నుంచి వచ్చే గాలికే రెక్కలు తిరుగుతాయి, 40 అడుగుల ఎత్తులో ముక్కు పైకెత్తి వేగం చంపాలి.

150 గంటలతో లైసెన్సు వచ్చింది, ఉద్యోగం రాలేదు. మన దగ్గర ఈ ఉద్యోగాల్లో ఎక్కువమంది వేల గంటలు నడిపి రిటైరైన మిలిటరీ పైలట్లు, వాళ్ళ పక్కన నా 150 ఏ మూలకి? రెండేళ్ళ రెండు నెలలు ఖాళీగా ఉన్నాను, ఏటా మెడికల్ ఖర్చు, లైసెన్సు చల్లారిపోకుండా సొంత డబ్బుతో ఫ్లయింగ్. ఇప్పుడు రిగ్గులకి వెళ్ళే హెలికాప్టర్లో కో-పైలట్‌ని. అప్పు ఇంకా తీరుతోంది.

అందుకే మా పిల్లకి ముందు ఎన్‌డీఏ, అంటే సైన్యంలో ఆఫీసర్లని తయారుచేసే అకాడమీ పరీక్ష, రాయమన్నాను. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ళ లోపు వాళ్ళకి, 2022 నుంచి అమ్మాయిలనీ తీసుకుంటున్నారు. ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ ట్రైనింగ్ మన హకీంపేటలోనే, పైగా వాళ్ళే జీతమిస్తారు. రాకపోతే అప్పుడు నా దారి చూద్దాం.

మొన్న శనివారం తనని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రంగు చుక్కల పుస్తకంలో అంకెలన్నీ గడగడా చదివేసింది. బయటికొచ్చి "ఫీజు ఎప్పుడు కడదాం?" అంటే, ఇంకా స్కానింగ్ ఉంది, ముందు నీళ్ళు తాగు అన్నాను.