పిల్లలున్న ఇంట్లో వేన్నీళ్ల బకెట్టు

తిరుపతిలో చలికాలం పొద్దున, రాడ్డుతో కాగిన నీళ్ల బకెట్టు స్నానాల గదిలో పెట్టి చన్నీళ్ల కోసం పక్కకు తిరుగుతాం. తప్పటడుగుల బిడ్డ బకెట్టు అంచు పట్టుకుని తొంగిచూసేది అప్పుడే. అందుకే ముందు చన్నీళ్లు పోసి, ఆ తర్వాతే వేన్నీళ్లు కలపండి. 60 డిగ్రీల నీళ్లు పసిచర్మాన్ని క్షణాల్లో కాలుస్తాయి. గీజరైతే 50 లోపే పెట్టండి. మోచేయి ముంచి చూడనిదే బిడ్డ ఒంటిమీద పోయొద్దు.

సంకటి గిన్నె, చారు నేలమీద పెట్టకండి. బిడ్డను చంకనేసుకుని కాఫీ అసలే వద్దు.

కాలిందా? తడిబట్టలు వెంటనే తీసేయండి, చర్మానికి అంటుకుంటే మాత్రం లాగొద్దు. కాలినచోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు పారాలి, మిగతా ఒళ్లు వెచ్చగా కప్పి ఉంచాలి. ఐసు, పేస్టు, సిరా గాయాన్ని ఇంకా చెడగొడతాయి. మొహం, చేతులు కాలినా, గాయం బిడ్డ అరచేతిని మించినా 108కి ఫోన్ చేయండి.